అడ్రసు మారింది, పేజీ మారలేదు

మా టెస్టింగ్ మేడం పోయారన్న వార్త నాకు పాత ఆఫీసు వాట్సాప్ గ్రూపులో వచ్చింది. ఎవరో పంపిందాన్ని ఇంకెవరో పంపితే, మూడో మనిషి దాన్ని మా గ్రూపులో పెట్టాడు. పూల బొమ్మ మధ్యలో ఆవిడ ఫోటో, కింద రెండు పంక్తులు. చూశాను గానీ నమ్మలేదు. ఫోటో ఆవిడదే. కింద రాసిన పేట పేరు మాత్రం తప్పు. ఆవిడ ఉండే గుణదల అని ఉండాల్సిన చోట ఇంకేదో ఉంది. ఒకటి తప్పయినప్పుడు రెండోదీ తప్పే అయి ఉండొచ్చని ఆశపడ్డాను. అలా ఆశపడటం కూడా ఆవిడ దగ్గర నేర్చుకున్నదే. ఇంకెవరినీ అడక్కుండా నేరుగా ఆవిడ నంబరుకే ఫోన్ చేశాను.

ఆవిడ చెల్లెలు ఎత్తారు. పేరు చెప్పాను.

"నిజమేనండి. తెల్లవారాక ఆరున్నరకి పోయింది" అన్నారు. "మీరు ఆ ఫోటో చూసి ఊరుకోరని తెలుసు. అక్క దగ్గర పనిచేసినవాళ్ళంతా ఫోన్ చేసే కనుక్కుంటున్నారు."

ఆవిడ పేరు ఇక్కడ రాయడం లేదు. ఆఫీసులో ఎవరూ ఆవిడను పేరు పెట్టి పిలిచేవారు కాదు. మిగతా ఆడవాళ్ళు పేరు చివర మేడం అనిపించుకునేవారు. ఉత్త మేడం అంటే ఈవిడే.

విజయవాడ పటమటలో ఒక టిఫిన్ సెంటరు పైన, రెండో అంతస్తులో ఉండేది మా ఆఫీసు. ఆస్పత్రులకీ కాలేజీలకీ దుకాణాలకీ వెబ్‌సైట్లు చేసిపెట్టే చిన్న కంపెనీ. మేం రాసిన కోడ్‌లో తప్పులు వెతికిపెట్టడం ఆవిడ ఉద్యోగం. దానికి ముందు చాలా ఏళ్ళు విజయవాడలోనే ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దారట. ఆ ప్రెస్సు మూతపడ్డాక, నలభై ఆరేళ్ళ వయసులో, కంప్యూటర్ కోర్సు ఏదో చేసి మా దగ్గరికి వచ్చారు. ముదురు రంగు అంచున్న నేత చీర, మెడలో సన్న గొలుసుకి చిన్న సిలువ, బ్యాగులో అడుగు పొడవున్న చెక్క స్కేలు. వచ్చిన మొదటి రోజే ఆ స్కేలు తీసి మానిటరు మీద ఆనించి, దాన్ని ఒక్కో వరుసా కిందికి దించుకుంటూ మా హోమ్ పేజీ చదవడం మొదలుపెట్టారు. మేం నలుగురం కుర్రాళ్ళం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. స్క్రీన్ మీద గీతలు పడతాయండీ అని ఒకడన్నాడు.

"తప్పులు పడటం కంటే నయమే కదండీ" అన్నారు ఆవిడ, స్కేలు తియ్యకుండా.

మా పద్ధతి ఆవిడకి వివరించే పని మా మేనేజరు నాకు అప్పగించారు. మామూలు వెబ్‌సైటులో ఏదైనా లింకు నొక్కితే, ఆ అడ్రసుకి చెందిన పేజీ సర్వరు నుంచి మొత్తం కొత్తగా వస్తుంది. అడ్రసూ పేజీ కలిసే వస్తాయి. మేం చేసేవి అలాంటివి కావు. మొదట ఒక్కసారి ఒక్క పేజీ వస్తుంది. ఆ తర్వాత ఏం నొక్కినా ఉండేది ఆ పేజీయే. దాని లోపల కనిపించే సరుకును మా కోడ్ మారుస్తుంది. పైన అడ్రసు బార్‌లో కనిపించే అక్షరాలను కూడా మా కోడే మారుస్తుంది. దీనికి రూటింగ్ అని పేరు. బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పాను. ఆవిడ చివరిదాకా విన్నారు.

"అంటే పైన అడ్రసు మార్చేదీ మీరే, కింద పేజీ మార్చేదీ మీరే."

"అవునండి. అందుకే అంత స్పీడుగా ఉంటుంది."

"రెండూ కలిసే మారాలని ఏముంది?"

"మేం అలా రాస్తామండి."

"రాయకపోతే?"

"రాస్తామండి మేడం."

ఆవిడ నోట్‌బుక్ తెరిచి ఏదో రాసుకున్నారు. ఏం రాసుకున్నారో అడగాలనిపించింది, అడగలేదు. ఆ రోజు నుంచి నాకు ఆవిడ మీద అనుమానం మొదలైంది.

ఆవిడ పని చేసే తీరు చూస్తే ఎవరికైనా ఒళ్ళు మండేది. పేజీ తెరవగానే అందరూ పేజీ చూస్తారు. ఆవిడ ముందు అడ్రసు చూసేవారు. దాన్ని ఒక కాగితం ముక్క మీద అక్షరం అక్షరం రాసుకుని, తెర మీద ఇంకో విండో తెరిచి, రాసుకున్నదాన్ని మళ్ళీ టైపు చేసి, అదే పేజీ వస్తోందా అని చూసేవారు. తర్వాత రిఫ్రెష్ నొక్కేవారు. తర్వాత వెనక్కి, తర్వాత ముందుకి. మేం "మారిందిగా మేడం" అంటే, "మారిందా, మారినట్టు కనిపించిందా?" అనేవారు. ఈ మాట ఆఫీసులో ఎంత పాకిపోయిందంటే, టిఫిన్ సెంటరువాడు చట్నీ మారిందని చెప్పినా మేం ఇదే అడిగేవాళ్ళం. ఆవిడ మాత్రం నవ్వేవారు కాదు. చట్నీ వాసన చూసి మరీ వేసుకునేవారు.

నన్నొక్కణ్ణే కాదు, ఆఫీసులో అందరినీ "మీరు", "అండి" అని పిలిచేవారు. మా వయసువాళ్ళను ఆ వయసు ఆడవాళ్ళు బాబూ అనో నాయనా అనో పిలుస్తారు కదా, ఈవిడ ఎందుకింత దూరం పెడుతున్నారు అనిపించేది. మేనేజరే ఆవిడని పెట్టి మా తప్పులు లెక్క కట్టిస్తున్నాడని, వాటిని చూసి ఎవరినో ఒకరిని తీసేస్తాడని నా అనుమానం. ఒకసారి ఆవిడ భోజనానికి లేచి వెళ్ళినప్పుడు ఆ నోట్‌బుక్ తీసి చూశాను. నా పేరు ఎక్కడా లేదు. పేజీల పేర్లు, అడ్రసులు, పక్కన ప్రూఫు గుర్తులు. మొదటి రోజు పేజీలో ఒకే వాక్యం ఉంది. "అడ్రసూ పేజీ విడివిడిగా మారతాయి, గుర్తుంచుకో." తల ఎత్తితే ఆవిడ గుమ్మంలో నీళ్ళ సీసాతో నిలబడి ఉన్నారు.

"చదివారుగా. అక్షర దోషాలేమన్నా ఉంటే చెప్పండి" అని, నా చేతిలోంచి పుస్తకం తీసుకుని కూర్చున్నారు. ఆ విషయం ఎవరికీ చెప్పలేదు. చెప్పలేదు కాబట్టి ఎప్పుడు చెబుతారో అని నేను ఇంకా భయపడ్డాను.

తర్వాతి ఏడాది జరిగింది చల్లపల్లి సంగతి.

చల్లపల్లిలో ఒక రక్తపరీక్షల సెంటరుకి మేం రిపోర్టుల వెబ్‌సైటు చేశాం. చేసింది నేనే. ఒక్కో పేషెంటుకి ఒక నంబరు ఉంటుంది, అడ్రసు చివర ఆ నంబరు కనిపిస్తుంది. పేజీలో పైన పేషెంటు పేరు, కింద పరీక్షల ఫలితాలు. సెంటరులో కంప్యూటరు దగ్గర కూర్చునే మౌనిక అనే అమ్మాయి ఆ పేజీ తెరిచి ప్రింటు తీసి ఇస్తుంది. ఆరు నెలలు బాగానే నడిచింది.

ఒకరోజు సెంటరు యజమాని ఫోన్ చేసి కేకలు పెట్టాడు. పక్క పల్లెటూరి నుంచి వచ్చిన ఒక గర్భిణికి ఇచ్చిన కాగితంలో పేరు ఆమెదే, ఫలితాలు వేరే ఎవరివో. కాగితం ప్రకారం ఆమెకి రక్తం పుష్కలంగా ఉంది. అదృష్టం బాగుండి, చూసిన డాక్టరమ్మ ఆమె కింది రెప్ప లాగి చూసి, "కాగితంలో రక్తం ఉంది గానీ కంట్లో లేదు, మళ్ళీ చేయించుకురా" అందట. మళ్ళీ చేస్తే ప్రమాదకరమైనంత తక్కువ ఉంది. అప్పటికప్పుడు ఆస్పత్రిలో చేర్చారు. ఆ నెలలోనే ఇలాంటిది అది రెండోసారి.

నేను సర్వరులో రికార్డులు తిరగేశాను. అక్కడ ఏ తేడా లేదు. ఎవరి ఫలితాలు వాళ్ళ నంబరు కిందే ఉన్నాయి. వెంటనే మెయిలు రాశాను. మా వైపు తప్పేమీ లేదు, ఆపరేటరు ఒక పేషెంటు కాగితాన్ని ఇంకొకరి పేరుతో మార్చి ఇచ్చి ఉంటారు, విచారించుకోగలరు అని. కంపెనీలో అందరికీ కాపీ పెట్టాను. మర్నాడు సెంటరు యజమాని మౌనికను రావద్దని పంపించేశాడు. కావాలనే మార్చిందని, దీని వెనక ఎవరో ఉన్నారని, పక్క సెంటరువాళ్ళ పని కావొచ్చని అతని అనుమానం.

మేడం నా బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డారు. చేతిలో నా మెయిలు ప్రింటు తీసిన కాగితం.

"ఇందులో మార్చి ఇచ్చి ఉంటారు అని రాశారు. మీరు చూశారా?"

"చూడక్కర్లేదండి. రికార్డులు కరెక్టుగా ఉన్నాయి."

"ఆ అమ్మాయి ఏం నొక్కిందో చూశారా?"

"అది ఎలా చూస్తామండి?"

"వెళ్ళి చూద్దాం."

ఈవిడకి ఎందుకింత పట్టుదల? ఆ అమ్మాయి ఈవిడకి చుట్టమేమో, చర్చి తరఫు మనిషేమో, అందుకే వెనకేసుకొస్తున్నారేమో అనుకున్నాను. రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. కానీ అనుకున్నాను. ఇంకొకరితో అన్నాను కూడా.

మర్నాడు పొద్దున అవనిగడ్డ బస్సెక్కాం. బోర్డు చూసి, చల్లపల్లి వెళ్తుందా అని డ్రైవరుని అడిగి, ఎక్కాక కండక్టరుని అడిగి అప్పుడు కూర్చున్నారు ఆవిడ. కంకిపాడు దాటేదాకా నేను ఫోనులో తల దూర్చాను. ఉయ్యూరు దగ్గర ఆవిడ ఒక్క మాట అడిగారు.

"ఆ సైటులో మీకు తెలిసి నాకు తెలియనిదేమన్నా ఉందా?"

"ఏం లేదండి" అన్నాను. కిటికీ వైపు తిరిగి చూస్తూ అన్నాను.

సెంటరు యజమాని మౌనికకి కబురు పెట్టాడు. ఆ అమ్మాయికి ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళుంటాయి. లోపలికి రాకుండా మెట్ల మీదే నిలబడింది.

"నేనేం సంతకం పెట్టనండి. మా అన్నయ్య పెట్టొద్దన్నాడు" అంది.

ఆ అమ్మాయిని మేడం అంతకుముందు ఎప్పుడూ చూడలేదని ఆ నిమిషమే నాకు అర్థమైంది. ఒకరినొకరు ఎగాదిగా చూసుకున్నారు.

"సంతకాలేం లేవమ్మా. నువ్వు రోజూ చేసే పని ఇవాళ ఒక్కరోజు మా ముందు చెయ్యి. మేం పక్కన కూర్చుంటాం. మాట్లాడం."

"తర్వాత ఏదన్నా తప్పయితే నా మీద రాస్తారు."

"రాస్తే నీకు చదివి వినిపించాకే రాస్తాం."

మౌనిక నమ్మినట్టు లేదు. కానీ వచ్చి కూర్చుంది. తెర వెలగగానే మేడం ముందుకి వంగారు. రిపోర్టు పేజీకి ఎడమ పక్క, ఆ రోజు వచ్చిన పేషెంట్ల పేర్ల పట్టీ ఒకటుంది. పేరు నొక్కితే ఆ మనిషి రిపోర్టు వస్తుంది.

"ఈ పట్టీ ఎప్పుడొచ్చింది? నేను పరీక్షించిన కాపీలో లేదే."

"పోయిన నెల వీళ్ళు అడిగారండి. చిన్న మార్పే. అర్జంటంటే నేరుగా పెట్టేశాను."

ఆవిడ నోట్‌బుక్ తీసి రాసుకున్నారు. నాకు ఇబ్బందిగా ఉంది.

మధ్యాహ్నం దాకా ఏమీ జరగలేదు. మౌనిక ప్రతి పేరూ రెండుసార్లు చదివి, వేలు పెట్టి చూసుకుని, ప్రింటు తీసి ఇచ్చింది. ఒక్క తేడా లేదు. నాకు లోలోపల సంతోషంగా ఉంది. "చూశారుగా మేడం, జాగ్రత్తగా చేస్తే రాదు" అన్నాను మెల్లగా.

"మనం చూస్తున్నామని జాగ్రత్తగా చేస్తోంది. సాయంత్రం దాకా ఆగండి."

నాలుగున్నరకి జనం వచ్చారు. పొద్దున రక్తం ఇచ్చి వెళ్ళినవాళ్ళంతా ఒక్కసారి కౌంటరు మీద పడ్డారు. మా నాన్నదండీ, మా అత్తదండీ, బస్సు పోతుందండీ అని నాలుగు వైపుల నుంచీ అరుపులు. మేం ఉన్నామన్న సంగతి మౌనిక మర్చిపోయింది. ఒక పెద్దాయన కాగితం తీసుకుని పక్కకి వెళ్ళాడు. తర్వాత మౌనిక ఒక ఆడమనిషి పేరు నొక్కి ఆమె థైరాయిడ్ రిపోర్టు తీసింది. అంతలో పెద్దాయన వెనక్కి వచ్చాడు.

"అమ్మాయ్, దీంట్లో రెండో కాగితం రాలేదే."

మౌనిక చెయ్యి తెర పైన ఎడమ మూలకి వెళ్ళింది. వెనక్కి పోయే బాణం దగ్గరికి. వెళ్ళి ఆగిపోయింది.

"ఎందుకాపావమ్మా?" అన్నారు మేడం.

"ఏం లేదండి."

"చెయ్యి అటే వెళ్ళింది."

మౌనిక నా వైపు చూసింది. నేను చూపు తప్పించాను.

"సార్ నొక్కొద్దన్నారండి. ఈ పట్టీ పెట్టినప్పుడు చెప్పారు, బ్యాక్ ఎప్పుడూ నొక్కొద్దని. రద్దీలో ఒక్కోసారి నొక్కేస్తానండి. మా ఓనరు గారు అడిగినప్పుడు ఆ సంగతి చెప్పలేదు. నొక్కానంటే నా తప్పంటారని భయమేసింది."

"ఇప్పుడు నొక్కు."

నొక్కింది. పైన అడ్రసు చివర పెద్దాయన నంబరు వచ్చింది. దాని కింద పెద్దాయన పేరు వచ్చింది. ఫలితాల దగ్గర ఆ ఆడమనిషి థైరాయిడ్ అంకెలు అలాగే ఉన్నాయి. మేడం బ్యాగులోంచి స్కేలు తీసి ముందు అడ్రసు కింద ఆనించారు, తర్వాత పేరు కింద, తర్వాత ఫలితాల కింద. మూడుసార్లు దించారు. పెద్దాయన కౌంటరు మీదుగా తొంగి చూస్తున్నాడు.

"పైన ఒక పుస్తకం హెడ్డింగు, కింద ఇంకో పుస్తకం మేటరు" అన్నారు ఆవిడ. ఎవరితోనూ అన్నట్టు లేదు.

ఇక నేను చెప్పాల్సింది చెబుతాను. ఆ బాణం సంగతి నాకు ముందే తెలుసు. పేర్ల పట్టీ హడావిడిగా పెట్టినప్పుడు, ఫలితాలు తెచ్చే పనిని పేరు మీద నొక్కడానికి ముడిపెట్టాను. నిజానికి దాన్ని అడ్రసు మారడానికి ముడిపెట్టాల్సింది. పేరు నొక్కితే అన్నీ మారతాయి. బాణం నొక్కితే అడ్రసూ, దాన్ని చూసి వచ్చే పేరూ మారతాయి, ఫలితాలు మారవు. పెట్టిన రోజే చూశాను. సరిచెయ్యడానికి ఒక పూట పట్టేది. మర్నాడే వాళ్ళకి చూపించాలి. నొక్కొద్దని చెబితే సరిపోతుందిలే అనుకున్నాను, తర్వాత సరిచేద్దామనుకున్నాను. మర్చిపోయానని చాలాకాలం చెప్పుకున్నాను. మర్చిపోలేదు. ఆ మెయిలు రాసేటప్పుడు ఒకసారి గుర్తొచ్చింది. గుర్తొచ్చి కూడా పంపించాను. ఆ అమ్మాయిని అనుమానించినంత సులువుగా నన్ను నేను అనుమానించుకోలేకపోయాను.

తిరుగు బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. ఈవిడ ఆఫీసుకి వెళ్ళగానే మేనేజరుకి చెప్పేస్తారు, ఇప్పుడే ఫోన్లో మెసేజి పెట్టేస్తున్నారేమో అని ఓరకంట చూస్తూ కూర్చున్నాను. ఆవిడ ఫోను బ్యాగులోనే ఉంది.

"ఆ మెయిలు ఎవరు రాశారు?" అన్నారు కూచిపూడి దాటాక.

"నేనేనండి."

"దిద్దే మెయిలు కూడా మీరే రాయాలి."

"ఉద్యోగం పోతుందండి."

"పోవచ్చు" అన్నారు. అయ్యో పోదులే అని ఒక్క మాట అంటారేమోనని చూశాను. అనలేదు. "నేను గీత గీస్తానంతేనండి. సరిచేసుకోవాల్సింది రాసినవాళ్ళే. ప్రెస్సులోనూ అంతే" అన్నారు.

ఇంటికెళ్ళకుండా ఆఫీసుకే వెళ్ళి రాశాను. తప్పు నాదని, నాకు ముందే తెలుసని, మౌనిక చేసిందేమీ లేదని. ఎవరెవరికి మొదటి మెయిలు వెళ్ళిందో వాళ్ళందరికీ పంపాను.

ఉద్యోగం పోలేదు. ఆరు నెలలపాటు నేను రాసే ప్రతి అక్షరం మేడం చూశాకే బయటికి వెళ్ళాలని మేనేజరు కట్టడి చేశారు. అంతకంటే ముందు ఇంకో పని పడింది. అప్పటిదాకా ఇచ్చిన కాగితాల్లో ఇంకా ఏవి తప్పో తెలియదు. నేనూ మేడం కూర్చుని పేషెంట్లకు వరసగా ఫోన్లు చేశాం. మీ రిపోర్టు ఒకసారి సెంటరుకి తీసుకురండి, సరిచూస్తాం అని. చాలామంది మమ్మల్ని మోసగాళ్ళనుకున్నారు. "ఓటీపీ అడుగుతావా? తెలుసు మీ సంగతి" అని ఒకాయన పెట్టేశాడు. నాకు కోపం వచ్చింది. మేడం అదే నంబరుకి మళ్ళీ చేశారు.

"బాగా అనుమానించారండి, అలాగే ఉండాలి. మా మాట నమ్మొద్దు. మీరే సెంటరుకి వెళ్ళి కనుక్కోండి" అన్నారు. ఆయన వెళ్ళాడు. అలా ఇంకో రెండు తప్పు కాగితాలు బయటపడ్డాయి. దేవుడి దయవల్ల వాటితో ఎవరికీ ఏమీ కాలేదు. ఆ గర్భిణి కోలుకుంది, బిడ్డ క్షేమంగా పుట్టిందని తర్వాత సెంటరువాళ్ళే చెప్పారు.

మౌనికను యజమాని మళ్ళీ రమ్మన్నాడు. నేను ఫోన్ చేసి క్షమించమన్నాను. "నేను తప్పు చేశానని మెయిల్లో రాసినోళ్ళు, సారీ కూడా మెయిల్లో రాయండి సార్. అందరూ చదివారు కదా" అంది. రాశాను. ఆ అమ్మాయి ఒక నెల పనిచేసి మానేసి, మచిలీపట్నంలో ఇంకెక్కడో చేరిందట. తనని అనుమానించినవాళ్ళ మధ్య కూర్చోలేకపోయి ఉంటుంది. మేడం మాత్రం, "మనం వెళ్ళేదాకా ఎవరూ ఆ అమ్మాయి పక్కన కూర్చోలేదు" అని రెండు మూడుసార్లు అన్నారు.

నేను మెయిలు పంపకముందే మేడం మేనేజరు చెవిన వేసే ఉంటారని నా నమ్మకం. ఆ ఆరు నెలలూ అదే మనసులో పెట్టుకుని ముభావంగా ఉన్నాను. ఆవిడ గీసిన ప్రతి గీతలోనూ కక్ష వెతికాను. కంపెనీ మారేటప్పుడు, ఆఖరి రోజున, మేనేజరుని అడిగేశాను.

"నీ మెయిలు చదివేదాకా నాకేమీ తెలీదయ్యా" అన్నారాయన. "చల్లపల్లిలో మీరు బస్సెక్కేముందు నేనే ఆవిడకి ఫోన్ చేశాను, ఏం తేలింది మేడం అని. తేలింది, అతను రాస్తాడు, ఆగండి అన్నారు."

కనబడే ప్రతిదాన్నీ మూడుసార్లు సరిచూసుకునే మనిషి, నేను రాస్తానని ఏ రుజువు చూసుకుని చెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు. బస్సులో నా మొహం అంత నమ్మదగ్గట్టుగా ఏమీ లేదు. అప్పుడే ఆవిడ దగ్గరికి వెళ్ళి రెండు మాటలు చెప్పాల్సింది. ఆవిడ స్కేలు పెట్టి ఏదో చదువుకుంటున్నారు. వెళ్ళొస్తానండి అన్నాను. మంచిదండి అన్నారు.

మూడేళ్ళ తర్వాత ఒకరోజు ఆవిడ నుంచి ఫోన్.

"ఒక కాగితం చూడాలి. వీలైతే వస్తావా?"

నన్ను నువ్వు అని పిలవడం అదే మొదటిసారి. గుణదలలో వాళ్ళింటికి వెళ్ళాను. చెల్లెలు తలుపు తీశారు. మేడం సగానికి సగం అయిపోయారు. నా చేతికి పెద్ద ఆస్పత్రి రిపోర్టు ఒకటిచ్చారు. రెండో వరుస చదవగానే, ఇక తగ్గే జబ్బు కాదని నాకు అర్థమైంది.

"పైన పేరు నాదే. కింద ఉన్నవి కూడా నావేనా అని ఒకసారి కనుక్కునిరా. నేను వెళ్తే సరిగ్గా చెప్పరు."

వెళ్ళాను. ఆ ల్యాబులోవాళ్ళు ముందు నన్ను అనుమానంగా చూశారు, తర్వాత జాలిగా చూశారు. శాంపిల్ సీసా మీద అంటించిన నంబరు, రిజిస్టరులో రాసిన నంబరు, తెర మీద అడ్రసు చివరి నంబరు, ఫలితాల నంబరు. అన్నీ చూశాను. వెనక్కి వెళ్ళే బాణం కూడా నొక్కించాను. వేరే పేరు వచ్చింది, దాని కింద వేరే అంకెలు వచ్చాయి. మళ్ళీ ముందుకి నొక్కించాను. ఆవిడ పేరు, ఆవిడ అంకెలు. వాళ్ళు కోడ్ చక్కగా రాసుకున్నారు. నా జీవితంలో ఒక్కసారి, ఎవరో ఒకరు నాలాగా నిర్లక్ష్యంగా రాసి ఉంటే బాగుండునని కోరుకున్నాను.

"మీవేనండి" అని చెప్పాను వచ్చి.

"అన్నీ చూశావా?"

"చూశానండి."

"సరే" అన్నారు. "కాఫీ తాగి వెళ్ళు" అన్నారు.

అప్పుడు చెప్పాను, ఇన్నేళ్ళుగా చెప్పనిది. నోట్‌బుక్ సంగతి, చుట్టరికం అనుకున్న సంగతి, మేనేజరు చెప్పిన సంగతి. ఒక వరసంటూ లేకుండా చెప్పాను. ఆవిడ మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. అయ్యాక, "నేనూ నిన్ను అనుమానించాను. బస్సులో అడిగితే లేదన్నావుగా, అప్పుడే" అన్నారు. "అనుమానించడం తప్పు కాదు. వెళ్ళి చూడకపోవడం తప్పు."

అంత్యక్రియలకి వెళ్ళాను. పాత ఆఫీసువాళ్ళం ఒక వరసలో నిలబడ్డాం. ఫాదరు గారు చెప్పిన రెండు మంచి మాటలు ఆవిడ గురించి కావేమో, ఎవరి గురించైనా చెబుతారేమో అనిపించింది. ఆవిడ ఉంటే ఆ మాటే అడిగేవారు. నాకు ఏడుపు రాలేదు. ఇంటికొచ్చాక, ఆవిడను ఆఖరుసారి చూసిన పొద్దు గుర్తొచ్చింది, అప్పుడు వచ్చింది.

అది చలికాలం. ఎనిమిది దాటింది. వాళ్ళ వరండాలో ఆవిడ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని కాళ్ళు ఎండలోకి చాపుకున్నారు. నేను గట్టు మీద కూర్చున్నాను. మాట్లాడే ఓపిక ఆవిడకి లేదు. ఎండ పాదాల మీద నుంచి జరిగినప్పుడల్లా లేచి, కుర్చీని జానెడు జరిపి, మళ్ళీ కూర్చునేవారు. సాయం పట్టబోతే చేత్తోనే వద్దన్నారు. అలా జరుపుకుంటూ జరుపుకుంటూ వరండా చివర గోడ దాకా వచ్చేశారు. ఇక జరగడానికి చోటు లేదు. ఎండ గోడ దిగి పెరట్లో బట్టలుతికే రాయి మీదికి వెళ్ళింది. ఆవిడ కాళ్ళు పైకి ముడుచుకుని, పమిట భుజాల చుట్టూ కప్పుకుని, ఆ రాయి మీద ఎండను చూస్తూ కూర్చున్నారు.